డేకేర్ ఫీజు ఎవరి రిటర్న్‌లో చూపాలి?

మార్చి వచ్చిందంటే ఈ శీర్షికకు ఉత్తరాలు పెరుగుతాయి. కెనడాలో పన్ను రిటర్న్‌ల గడువు, ఏప్రిల్ 30, దగ్గర పడుతుంటుంది కదా. ఈసారి వచ్చినవాటిలో సగానికి పైగా పిల్లల సంరక్షణ ఖర్చు గురించే, అంటే ఆ ఖర్చును ఆదాయంలోంచి తీసేసుకునే (డిడక్షన్) టీ778 ఫారం, రిటర్న్‌లో 21400 లైను గురించే. ఒకేలా ఉన్న ప్రశ్నల్ని కలిపేసి ఏడింటికి జవాబు రాస్తున్నాను. ఇవన్నీ ఒంటారియో లెక్కలు. క్విబెక్‌లో ఉన్నవాళ్లకు ప్రొవిన్స్ లెక్క వేరుగా ఉంటుంది, అది ఇంకోసారి చూద్దాం.

ప్రశ్న: అక్కయ్యగారూ, మేము మిస్సిసాగాలో ఉంటాం. నాకు ఐటీలో 96,000 జీతం. మా ఆవిడకు బ్యాంకులో 42,000. పాపకు మూడేళ్లు, బాబుకు తొమ్మిదేళ్లు. పోయినేడు పాప డేకేర్‌కు 5,600, బాబు ఆఫ్టర్ స్కూల్‌కు 6,400 కట్టాం. అంతా నా అకౌంటు నుంచే పోయింది. కాబట్టి నేనే క్లెయిమ్ చేసుకోవచ్చు కదా? నా రేటు ఎక్కువ కాబట్టి రిఫండ్ కూడా ఎక్కువొస్తుంది.

రిఫండ్ ఎక్కువొస్తుందన్న మాట నిజమే బాబూ. మీ రేటుకైతే సుమారు 30 శాతం, మీ ఆవిడ రేటుకు 20 శాతం లోపే. అందుకే ప్రభుత్వం ఆ దారి మూసేసింది. భార్యాభర్తల్లో ఎవరి నికర ఆదాయం తక్కువో వాళ్లే ఈ డిడక్షన్ తీసుకోవాలి. డబ్బు ఎవరి అకౌంటు నుంచి వెళ్లిందన్నది ఇక్కడ ప్రశ్న కాదు. రసీదు మీ పేరున ఉన్నా సరే, క్లెయిమ్ మీ ఆవిడదే. ఈ నియమానికి మినహాయింపులు కొన్ని ఉన్నాయి. తక్కువ ఆదాయం ఉన్నవాళ్లు చదువుకుంటున్నా, రెండు వారాలకు తగ్గకుండా ఆస్పత్రిలోనో మంచంలోనో ఉన్నా, జైల్లో ఉన్నా, దంపతులు విడిపోయి 90 రోజులు దాటినా రెండోవాళ్లు తీసుకోవచ్చు. మీకు ఇవేవీ వర్తించవు.

ఇప్పుడు మీకు తెలియని శుభవార్త. పరిమితి ఏడేళ్ల లోపు పిల్లకు 8,000, ఏడు నుంచి పదహారు మధ్య వాళ్లకు 5,000. డిసెబిలిటీ ట్యాక్స్ క్రెడిట్‌కు అర్హత ఉన్న పిల్లలకైతే వయసుతో పని లేకుండా 11,000. చాలామంది ఏం చేస్తారంటే, బాబుకు 6,400 అయింది కాబట్టి అందులో 1,400 కొట్టేసి 5,000 వేస్తారు, పాపకు 5,600 వేస్తారు, మొత్తం 10,600 చూపిస్తారు. అలా కొట్టేయనక్కర్లేదు. పరిమితిని కుటుంబం మొత్తానికి కలిపి చూస్తారు. 8,000కు 5,000 కలిపితే మీకు 13,000. మీ ఖర్చు 12,000, అంతా వస్తుంది. పోయిన వారమే ఒకావిడ రిటర్న్ సరిచూస్తుంటే ఇలాంటిదే ఇంకో తప్పు కనిపించింది. ఆవిడ పెద్దబ్బాయి మీద పైసా ఖర్చు పెట్టలేదు కాబట్టి వాడి పేరే ఫారంలో రాయలేదు. అర్హత ఉన్న పిల్లలందరి పేర్లూ రాయాలి. వాడి పేరు పక్కన ఖర్చు సున్నా అయినా వాడి 5,000 పరిమితి చెల్లికి పనికొస్తుంది.

మీ ఆవిడకు పన్నులో మిగిలేది 2,300 డాలర్ల ప్రాంతంలో ఉంటుంది. అక్కడితో ఆగకండి. ఇది డిడక్షన్ కాబట్టి నికర ఆదాయమే తగ్గుతుంది, దాంతో చైల్డ్ బెనిఫిట్ (సీసీబీ, పిల్లలున్న ఇంటికి ప్రభుత్వం నెలనెలా ఇచ్చే డబ్బు) పెరుగుతుంది. మీ ఆదాయ శ్రేణిలో ఇద్దరు పిల్లలున్న ఇంటికి ప్రతి వెయ్యి డాలర్ల ఆదాయానికీ 57 డాలర్లు కోస్తారు. 12,000 తగ్గితే 684 డాలర్లు వెనక్కొచ్చినట్టే. అది ఒక్కసారిగా రాదు, జూలై నుంచి నెలనెలా సీసీబీలో కలిసి వస్తుంది. కుటుంబ ఆదాయం 150,000 లోపు కాబట్టి పిల్లల సంరక్షణకు ప్రొవిన్స్ ఇచ్చే ఒంటారియో కేర్ క్రెడిట్ కూడా కాస్తో కూస్తో వస్తుంది. ఆదాయం పెరిగేకొద్దీ అది తగ్గిపోతుంది, కాబట్టి పెద్ద ఆశ పెట్టుకోకండి. కానీ సాఫ్ట్‌వేర్ అడిగినప్పుడు దాటేయకండి.

ఇంకొక్క గీత ఉంది. డిడక్షన్, క్లెయిమ్ చేసేవాళ్ల సంపాదనలో మూడింట రెండొంతులు దాటకూడదు. మీ ఆవిడకు అది 28,000, కాబట్టి అడ్డు కాదు. పార్ట్ టైమ్ చేసి 9,000 తెచ్చుకున్న ఇల్లాలికైతే 6,000 దగ్గరే ఆగిపోతుంది, ఫీజు ఎంత కట్టినా సరే. ఉద్యోగం పోయినప్పుడు వచ్చే బీమా, అంటే ఈఐ డబ్బు ఈ సంపాదనలోకి రాదు. అసలు ఉద్యోగమే లేకపోతే సున్నాలో మూడింట రెండొంతులు సున్నాయే.

ప్రశ్న: బ్రాంప్టన్‌లో మా వీధిలోనే ఉండే ఒక ఆంటీ మా బాబును చూసుకుంటారు. నెలకు 600 క్యాష్ ఇస్తాం. చాలా మంచావిడ. రసీదు అడగాలంటే మొహమాటంగా ఉంది. ఈ-ట్రాన్స్‌ఫర్ చేస్తే అదే రుజువు అవుతుందా అండీ?

అవదు తల్లీ. ట్రాన్స్‌ఫర్ చేసినట్టు బ్యాంకు చెప్తుంది, ఎందుకు చేశారో చెప్పదు. చూసుకునేది డేకేర్ కాకుండా ఒక మనిషి అయితే రసీదు మీద ఆ మనిషి సిన్ (సోషల్ ఇన్సూరెన్స్) నంబరు ఉండాలి. టీ778 మొదటి భాగంలోనే ఆ నంబరుకు గడి ఉంటుంది. అక్కడే ఆగిపోతారు.

మీ ఉత్తరం చదువుతుంటే నా సంగతే గుర్తొచ్చింది. 2006లో మేము ఒక అపార్ట్‌మెంట్ పద్నాలుగో అంతస్తులో ఉండేవాళ్లం. మా అమ్మాయికి రెండేళ్లు. తొమ్మిదో అంతస్తులో ఒకావిడ చూసుకునేది. నెలకు 550, ప్రతి ఒకటో తారీకున తెల్ల కవర్లో పెట్టి ఇచ్చేదాన్ని. ఆవిడ ఎంత పద్ధతి మనిషంటే, పిల్ల ఎన్నింటికి పాలు తాగింది, ఎంతసేపు నిద్రపోయింది అన్నీ ఒక చిన్న నోటుబుక్కులో రాసి సాయంత్రం నాకు చూపించేది. పదకొండు నెలలకు 6,050 డాలర్లు. అప్పట్లో పరిమితి 7,000, మొత్తం వచ్చేసేదే. ఏప్రిల్‌లో రసీదు కోసం వెళ్లాను. తలుపు సగం తీసి నిలబడింది. లోపల టీవీ మోగుతోంది. "అన్నీ రాసిస్తాను, నంబరు మాత్రం మా ఆయన ఇవ్వొద్దన్నారు" అంది. నేను ఇంకొక్క మాట అడగలేకపోయాను. అడిగితే సోమవారం పిల్లను ఎక్కడ దింపాలి? లిఫ్టులో పైకొచ్చేశాను. ఆ ఏడు 214 లైనులో (ఇప్పటి 21400 అదే) నేనేమీ రాయలేదు. పాలు తాగిన టైములు రాసిన నోటుబుక్కు మాత్రం ఇంకా నా దగ్గరుంది. పన్నుల శాఖ సీఆర్ఏకు అది అక్కర్లేదు.

అడగాల్సింది ఏప్రిల్‌లో కాదు, పిల్లాణ్ణి దింపిన మొదటి రోజు. నెలకు ఎంత, ఎన్నింటికి రావాలి, జ్వరమొస్తే ఏం చేయాలి అని మాట్లాడుకుంటాం చూడండి, అదే వరసలో "ఏడాది చివర్లో రసీదు ఇస్తారు కదా ఆంటీ, సిన్ నంబరుతో" అని అనేయాలి. అప్పుడు అది బేరంలో ఒక మాట, అంతే. ఏడాది గడిచాక అడిగితే అది అనుమానంలా వినిపిస్తుంది. ఇప్పటికే ఆలస్యమైంది కాబట్టి మీరు ఇలా చేయండి: రసీదు మీరే టైపు చేసి తీసుకెళ్లండి. మీ పేరు, బాబు పేరు, ఏ నెల నుంచి ఏ నెల వరకు, మొత్తం ఎంత, ఆవిడ పేరు, చిరునామా ఉండాలి. సిన్‌కూ సంతకానికీ ఖాళీ వదలండి. తెల్ల కాగితం ముందు పెడితే ఎవరికైనా భయమే, నింపిన కాగితం మీద సంతకం పెట్టడం తేలిక.

ఆవిడ భయం కూడా అర్థం చేసుకోండి. ఏడాదికి 7,200 డాలర్లు తప్ప వేరే ఆదాయం లేకపోతే ఆవిడకు ఆదాయపు పన్ను పడదు, పన్ను పడని మొదటి మొత్తం, అంటే బేసిక్ పర్సనల్ అమౌంట్, దానికి రెట్టింపు పైనే ఉంది. అయితే సొంతంగా చేసే పని కాబట్టి 3,500 దాటిన మొత్తం మీద సీపీపీ (పెన్షన్ చందా) కట్టాల్సి రావచ్చు. ఆ మాట దాచకుండా చెప్పండి. నాకు తెలిసిన ఒకరింట్లో ఆ సీపీపీ తామే ఇస్తామని ఒప్పుకున్నారు. ఆవిడ సంతోషంగా సంతకం పెట్టింది, వీళ్లకు దానికంటే మూడు రెట్లు మిగిలింది.

ఒకవేళ ఆవిడే మీ ఇంటికొచ్చి, మీరు చెప్పిన వేళల్లో చూసుకుంటుంటే లెక్క మారుతుంది. అప్పుడు మీరు యజమాని అయ్యే అవకాశం ఎక్కువ. జీతంలో సీపీపీ, ఈఐ పట్టి కట్టాలి, టీ4 (జీతం స్లిప్పు) ఇవ్వాలి. ఆ పని ఏప్రిల్‌లో మొదలుపెట్టేది కాదు.

ప్రశ్న: మా అత్తగారు సూపర్ వీసా మీద వచ్చి రెండేళ్లుగా మా దగ్గరే ఉన్నారు. పిల్లల్ని ఆవిడే చూసుకుంటారు. నెలకు 500 ఆవిడకు ఇచ్చినట్టు చూపిస్తే డిడక్షన్ వస్తుందని మా ఆఫీసులో ఒకరు చెప్పారు. నిజమేనా?

ఆ ఆఫీసు మిత్రుడి మాట సగమే నిజం. బంధువుకు డబ్బిస్తే రాదన్న నియమం లేదు. పిల్లల తల్లికీ తండ్రికీ, మీ భాగస్వామికీ ఇవ్వకూడదు. పద్దెనిమిదేళ్లు నిండని బంధువుకు, అంటే మీ పెద్దమ్మాయికో చెల్లెలికో ఇచ్చినా చెల్లదు. ఇంట్లో ఎవరి పేరు మీదైనా మీరు డిపెండెంట్‌గా క్రెడిట్ తీసుకుంటుంటే, ఆ మనిషికిచ్చింది కూడా రాదు. వీటన్నిటికీ దూరంగా, ఇక్కడే స్థిరపడిన అమ్మమ్మకు నిజంగా డబ్బిచ్చి, ఆవిడ దాన్ని తన ఆదాయంలో చూపిస్తే వస్తుంది.

మీ అత్తగారి సంగతి వేరు. సూపర్ వీసా అంటే ఒకసారికి ఐదేళ్ల వరకు ఉండనిచ్చే విజిటర్ హోదా. పని చేసే అనుమతి లేదు, సిన్ నంబరు లేదు. నంబరు లేకుండా రసీదు లేదు. పైగా జీతం ఇచ్చినట్టు మీరే కాగితం మీద రాస్తే, అనుమతి లేకుండా పని చేసినట్టు ఆవిడ మీదే రాసినట్టు. రేపు వీసా పొడిగింపుకు వెళ్లినప్పుడు ఆ కాగితం ఎదురుపడితే? వెయ్యి డాలర్ల కోసం అత్తగారిని చిక్కుల్లో పెట్టకండి. చేతిలో డబ్బు పెట్టాలనిపిస్తే పెట్టండి, అది కొడుకూ కోడలూ ఇచ్చింది. టీ778కు దాంతో పని లేదు.

ఇలాంటిదే ఇంకో ప్రశ్న స్కార్బరో నుంచి వచ్చింది. ఏడాదిలో నాలుగు నెలలు బాబును హైదరాబాద్‌లో ఉంచాం, అక్కడి ప్లే స్కూల్ ఫీజు వేసుకోవచ్చా అని. మామూలుగా రాదు. సంరక్షణ కెనడాలో జరగాలి, చూసుకున్నవాళ్లు కెనడా నివాసి అయ్యుండాలి.

ప్రశ్న: పాప కూచిపూడి క్లాసు, బాబు ఈత, ఆదివారం తెలుగు బడి, సమ్మర్ క్యాంపు. వీటిలో ఏవి వస్తాయండీ?

కూచిపూడి రాదు, ఈత రాదు, తెలుగు బడి రాదు. అవి నేర్పడానికి, చూసుకోవడానికి కాదు. ఆ రెండు గంటలూ మీరు బయట కార్లో కూర్చుని మీటింగు చేసుకున్నా సరే. సమ్మర్ డే క్యాంపు వస్తుంది, మార్చ్ బ్రేక్ క్యాంపు వస్తుంది, పిల్లల్ని చూసుకోవడమే దాని ముఖ్య ఉద్దేశం అయినంత వరకు. రాత్రి అక్కడే ఉండే క్యాంపుకు మాత్రం వారానికింత అని గీత ఉంది: ఏడేళ్ల లోపు 200, ఆ పైన 125. పదకొండేళ్ల అబ్బాయిని వారానికి 600 పెట్టి అడవిలోకి పంపితే 125 రాసుకోవాలి. బట్టలు, బస్సు, మందులు ఏవీ ఇందులోకి రావు. బడి వయసు వచ్చిన పిల్లల మాంటిస్సోరి ఫీజులో చదువు వాటా రాదు. స్కూలుకు ముందూ తర్వాతా చూసుకున్న వాటాను రసీదులో విడిగా రాసిమ్మని అడగండి, అదొక్కటే వస్తుంది.

ఇంకోటి, ఎవరూ అడగరు కానీ చెప్తున్నా. ఆయమ్మను వెతకడానికి ఏజెన్సీకి కట్టిన ఫీజు, ప్రకటన ఖర్చు కూడా వేసుకోవచ్చు.

ప్రశ్న: నేను కాలేజీలో చదువుతున్నాను, ఆదాయం లేదు. మా వారికి 70,000. బాబుకు నాలుగేళ్లు, డేకేర్‌కు 5,700 అయింది. "తక్కువ ఆదాయం వాళ్లే క్లెయిమ్ చేయాలి, నీకు సంపాదన లేదు కాబట్టి ఏమీ రాదు" అని స్నేహితురాలు చెప్పింది. టెన్షన్‌గా ఉంది.

టెన్షన్ అక్కర్లేదు. పైన చెప్పిన మినహాయింపుల్లో మొదటిది మీదే. మీరు చదువుకుంటున్నారు కాబట్టి మీ వారు తీసుకోవచ్చు, కాకపోతే వారాల లెక్కలో. ఫుల్ టైమ్ చదువున్న ప్రతి వారానికీ ఏడేళ్ల లోపు పిల్లకు 200. మీ చదువు 32 వారాలైతే 6,400. మీ ఖర్చు 5,700, మొత్తం వచ్చేస్తుంది. ఫుల్ టైమ్ అంటే వారానికి కనీసం పది గంటల కోర్సు, ప్రోగ్రాం వరుసగా మూడు వారాలైనా ఉండాలి. పార్ట్ టైమ్ అయితే వారానికి కాకుండా నెలకు 200 మాత్రమే, అది గుర్తుంచుకోండి. చదివిన నెలలు చూపిస్తూ కాలేజీ ఇచ్చే టీ2202 కాగితం దాచండి. సీఆర్ఏ అడిగితే మొదట చూపించాల్సింది అదే, డేకేర్ రసీదు ఆ తర్వాత.

మీ స్నేహితురాలిని తప్పుపట్టకండి. నియమం సరిగ్గానే చెప్పింది, మినహాయింపు దగ్గర ఆగిపోయింది.

ప్రశ్న: నేను సొంతంగా కన్సల్టింగ్ చేస్తాను. క్లయింటుతో భోజనం చేస్తే సగం ఖర్చు వ్యాపారంలో రాసుకోనిస్తారు. పాపను చూసుకునే ఆయమ్మ లేకపోతే నేను పనే చేయలేను. ఆ ఖర్చు వ్యాపార ఖర్చు ఎందుకు కాదు? ఇదెక్కడి న్యాయం?

ఈ ప్రశ్న మీకంటే ముందే ఒకావిడ సుప్రీంకోర్టు దాకా తీసుకెళ్లింది. ఎలిజబెత్ సైమ్స్, టొరంటోలో లాయరు. ఆయమ్మ జీతాన్ని తన ప్రాక్టీసు ఖర్చుగా 1980ల్లో చూపించింది. 1993లో తీర్పు వచ్చింది, ఓడిపోయింది. పార్లమెంటు పిల్లల సంరక్షణకు విడిగా ఒక సెక్షన్ పెట్టింది కాబట్టి అందులోంచే తీసుకోవాలి, వ్యాపార ఖర్చు కింద కాదు అన్నారు. తొమ్మిది మందిలో ఏడుగురు అలా అంటే ఇద్దరు కాదన్నారు. ఆ ఇద్దరూ ఆడవాళ్లే, ఆ బెంచిలో ఉన్న ఆడవాళ్లు కూడా ఆ ఇద్దరే.

నాకైతే ఆ ఇద్దరి మాటే సబబుగా అనిపిస్తుంది. కానీ నేను రిటర్న్‌లు నింపేది ఏడుగురి మాట ప్రకారం. కాబట్టి ఆయమ్మ జీతం మీ టీ2125లో (వ్యాపార ఆదాయం ఫారం) వేయకండి, టీ778లోనే వేయండి. మీ రిటర్న్‌కు జూన్ 15 దాకా గడువుంది కానీ, కట్టాల్సిన పన్నుకు ఏప్రిల్ 30 దాటిన మర్నాటి నుంచే వడ్డీ నడుస్తుంది.

ప్రశ్న: ఇల్లు మారుతుంటే అట్టపెట్టెలో మూడేళ్ల కిందటి డేకేర్ రసీదులు దొరికాయి. అప్పుడు క్లెయిమ్ చేయలేదు. ఇప్పుడు చెత్తబుట్టలో వేయడమేనా?

అయ్యో, వేయకండి. పదేళ్ల వెనక్కి వెళ్లి సరిచేసుకోవచ్చు. సీఆర్ఏ అకౌంటులో చేంజ్ మై రిటర్న్ అని ఉంటుంది, అందులో 21400 లైను మార్చండి. ఆ ఏడాది మీ ఇద్దరిలో ఎవరి ఆదాయం తక్కువో వాళ్ల అకౌంటులో. ఇప్పుడు తక్కువ ఉన్నవాళ్లదని పొరపడకండి, మూడేళ్లలో జీతాలు తారుమారై ఉండొచ్చు. నికర ఆదాయం మారితే ఆ ఏటి సీసీబీ కూడా వాళ్లే మళ్లీ లెక్క కట్టి తేడా పంపుతారు. రసీదులు పంపక్కర్లేదు, అడిగితే చూపించాలి. మళ్లీ అట్టపెట్టెలో వేసేముందు ఒక్కొక్కటీ ఫోనుతో ఫొటో తీసి పెట్టుకోండి, ఆ కాగితం మీద ఇంకు మూడేళ్లకే సగం చెరిగిపోతుంది. ఫారం మాత్రం ఆ సంవత్సరానిదే దించుకోండి, ఈ ఏటిది కాదు.